అటక మీద గబ్బిలాలు, ఇంట్లో జ్వరం: కారణం ఎక్కడ వెతకాలి?

గబ్బిలం అనగానే అందరికీ నిఫా గుర్తొచ్చి టెన్షన్ మొదలవుతుంది. నిఫా ఒక వైరస్. ఇక్కడ చెప్పేది బ్యాక్టీరియా సంగతి. వాటిలో చాలావాటికి మందులున్నాయి. కాకపోతే డాక్టరుకు అనుమానం రావాలి, అది రావాలంటే ఇంట్లో గబ్బిలాలున్న విషయం మీరే చెప్పాలి.

సమస్య: అటక మీద నల్లటి పెంటికలు, ఘాటు వాసన

ముందు ఎలుకలవా, గబ్బిలాలవా తేల్చుకోండి. మాస్కు పెట్టుకుని ఒకదాన్ని పుల్లతో నలపండి. పురుగులు తినే చిన్న గబ్బిలానిదైతే ఇట్టే పొడి అవుతుంది, అందులో పురుగుల రెక్కల ముక్కలు మెరుస్తూ కనిపిస్తాయి. ఎలుకదైతే గట్టిగా ఉంటుంది.

గబ్బిలాలవే అని తేలితే చీపురు పట్టుకోకండి. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. ఎండిన రెట్ట దుమ్ములో హిస్టోప్లాస్మా అనే బూజు కూడా ఉండొచ్చు. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే టీబీలా కనిపిస్తుంది, మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగదు. బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లు చల్లి, ఓ పావుగంట నాననిచ్చి, ఎన్-95 మాస్కు, గ్లౌజులతో తడిగానే ఎత్తేయండి.

గబ్బిలాలను పంపించాలంటే అవి వచ్చిపోయే కంతకు పైనా పక్కలా వల కట్టి, కింద వదులుగా వదిలేయండి. చీకటి పడ్డాక బయటికి పోతాయి, తిరిగి లోపలికి దూరలేవు. కొన్ని రాత్రులు చూసి సిమెంటుతో మూసేయండి. ఎగరలేని పిల్లలున్నప్పుడు మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. లోపలే చచ్చి, ఇల్లంతా కంపు కొడుతుంది.

సమస్య: జ్వరం, పిక్కల్లో పట్టేసినట్టు నొప్పి, ఎర్రబడిన కళ్లు

లెప్టోస్పైరోసిస్ కావచ్చు, అంటే లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు. పెరూ, ఆస్ట్రేలియా, మడగాస్కర్ గబ్బిలాల్లో ఈ బ్యాక్టీరియా దొరికింది. కిడ్నీల్లో ఉండి మూత్రంతో బయటికొస్తుంది. అయినా మన దగ్గర మొదటి అనుమానం ఎలుకలు, పశువుల మీదే ఉండాలి. గబ్బిలం తర్వాతే.

మొదటి రోజుల్లో యాంటీబాడీ పరీక్ష నెగెటివ్ వచ్చినా వ్యాధి లేదని కాదు. అవసరమైతే డాక్టరు మళ్లీ చేయిస్తారు. జ్వరం ముదరక ముందైతే డాక్సీసైక్లిన్ సాధారణంగా సరిపోతుంది. కళ్లు పచ్చబడినా, మూత్రం తగ్గినా వెంటనే ఆసుపత్రిలో చేరాలి. డాబా మీది ట్యాంకుకు మూత లేకపోతే నీళ్లు పారబోసి, కడిగి, మూత పెట్టించండి.

సమస్య: జ్వరం పూర్తిగా తగ్గి, కొన్నాళ్లకు మళ్లీ రావడం

ముందు మలేరియా, టైఫాయిడ్ చూడాలి. అవి కావని తేలాక ఇలా తిరగబెట్టే జ్వరం తెచ్చే బొర్రేలియా అనే బ్యాక్టీరియా వైపు ఆలోచించొచ్చు. దీన్ని తెచ్చేవి గబ్బిలాల మీద బతికే మెత్తటి పిడుదులు. ఇవి పశువుల పిడుదుల్లా రోజుల తరబడి అంటుకుని ఉండవు. రాత్రి కాసేపు రక్తం తాగి పగుళ్లలోకి పోతాయి, కుట్టినట్టు కూడా తెలియదు. జాంబియాలో ఒక రోగిలో, గబ్బిలాల్లో, పిడుదుల్లో ఒకే రకం బొర్రేలియా దొరికింది. గబ్బిలాలు వెళ్లిపోయాక ఆకలితో మిగిలిన పిడుదులు మనుషుల మీద పడొచ్చు. అందుకే కంతలు మూశాక పగుళ్లు కూడా పూడ్చి, మందు కొట్టించాలి. రక్తం జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడే ఇవ్వండి, క్రిములు అప్పుడే సులువుగా కనబడతాయి.

సమస్య: వారాల తరబడి సన్న జ్వరం, ఆయాసం, బ్లడ్ కల్చర్‌లో (రక్తంలోని క్రిములను పెంచి చూసే పరీక్ష) ఏమీ లేదు

గుండె కవాటానికి క్రిమి పట్టి ఉండొచ్చు. ఇది అరుదు. అమెరికాలోని అయోవాలో ఒక రోగి గుండె కవాటంలో బార్టోనెల్లా అనే బ్యాక్టీరియాలో కొత్త రకం దొరికిందని 2010లో ప్రచురితమైంది. 2014లో అదే రకం ఫిన్లాండ్ గబ్బిలాల్లో కనిపించింది. ఈ క్రిమి మామూలు కల్చర్‌లో తొందరగా పెరగదు. కాబట్టి ఎకో (గుండె స్కాన్) తీయించి, బార్టోనెల్లాకు పీసీఆర్ (క్రిమి జన్యువును వెతికే పరీక్ష) లేదా యాంటీబాడీ పరీక్ష చేయించమని అడగండి. కవాట జబ్బు ఇదివరకే ఉన్నవాళ్లు ఆలస్యం చేయకూడదు.

గబ్బిలం కరిచినా, గీరినా

గాయం సూది మొనంతే ఉండొచ్చు. పసుపు అద్ది ఊరుకోకండి. సబ్బుతో, ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకా గురించి అడగండి. పుండు ఎర్రబడి వాస్తే అది బ్యాక్టీరియా పని, దానికి యాంటీబయాటిక్ వేరుగా రాయించుకోవాలి.