ప్రజాస్వామ్య శాంతి పాఠం చెప్పబోయే టీచర్లకు

కర్నూలులో డిగ్రీ పిల్లలకు పొలిటికల్ సైన్స్ చెప్తాను. ఆదోని, పత్తికొండ, డోన్ వైపు నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలే ఎక్కువ. ఈ పాఠం మొదలుపెట్టగానే వాళ్లు నోట్సులో 'ప్రజాస్వామ్య దేశాలు యుద్ధాలు చేయవు' అని రాసేసుకుంటారు. ముందు ఆ వాక్యం కొట్టేయించండి. అమెరికా వియత్నాంలో ఏళ్ల తరబడి పోరాడింది, 2003లో ఇరాక్ మీదికి పోయింది. ప్రజాస్వామ్యాలు తమలో తాము యుద్ధానికి దిగడం చాలా అరుదు, సిద్ధాంతం చెప్పేది అంతే. అందుకే బోర్డు మీద దేశాల పేర్లు ఎప్పుడూ జంటగానే రాయండి.

కారణాలకు జర్మన్ తత్వవేత్త కాంట్ దగ్గర మొదలుపెట్టండి. యుద్ధానికి డబ్బూ ప్రాణాలూ ఇచ్చేది జనమే కాబట్టి, వాళ్లను అడిగి నిర్ణయిస్తే సులభంగా ఒప్పుకోరని ఆయన 1795లోనే రాశాడు. మరి అదే జనం నియంతల మీద యుద్ధానికి ఎందుకు ఒప్పుకుంటున్నారు? ఈ ప్రశ్న పిల్లల నుంచే రానివ్వండి. అప్పుడు రెండో కారణం చెప్పండి: తగవులు రచ్చకట్ట మీద తేల్చుకునే ఊరు, పక్క ఊరిలోనూ అదే పద్ధతి ఉంటే వాళ్లూ మాటకు వస్తారని నమ్ముతుంది. చేపల వేట హద్దుల కోసం బ్రిటన్, ఐస్‌లాండ్ 1976 దాకా విడతలుగా గొడవపడ్డాయి. ఓడలు ఓడల్ని గుద్దుకున్నాయి కూడా. అయినా యుద్ధం రాలేదు.

ఎక్కువ టైమ్ కార్గిల్‌కు ఇవ్వండి. 1999లో ఇక్కడ వాజ్‌పేయి, అక్కడ నవాజ్ షరీఫ్, ఇద్దరూ ఎన్నికల్లో గెలిచి వచ్చినవాళ్లే. పరిశోధకులు ఎక్కువగా వాడే లెక్కలో రెండు వైపులా కలిపి కనీసం 1000 మంది సైనికులు చనిపోతే అది యుద్ధం. ఆ లెక్కన కార్గిల్ యుద్ధమే. పాకిస్తాన్‌లో అసలు పట్టు సైన్యానిది, కాబట్టి అది ప్రజాస్వామ్యం కిందికి రాదని పిల్లలు వెంటనే అంటారు. ఆ మాటలో బలముంది. అదే ఏడాది అక్టోబర్‌లో అక్కడి సైన్యాధిపతి ముషారఫ్ షరీఫ్ ప్రభుత్వాన్ని కూల్చాడు. కానీ లెక్కకు అడ్డొచ్చిన ప్రతి దేశాన్నీ అలా పక్కన పెడుతూ పోతే ఈ సిద్ధాంతం ఎప్పటికీ తప్పు కాదు. అది నాకు ఒప్పుకోబుద్ధి కాదు. అందుకే కార్గిల్ పేరెత్తకముందే ప్రజాస్వామ్యానికి ఏ గుర్తులు ఉండాలో రాయించి, కాగితాలు తీసిపెట్టుకోండి. ఎన్నికలు, పత్రికా స్వేచ్ఛ రాస్తారు. సైన్యం ఎవరి మాట వింటుందనేది చాలామందికి తట్టదు. తర్వాత వాళ్ల కాగితం ప్రకారమే తేల్చమనండి.

పశ్చిమ యూరప్ శాంతికి నాటో అనే సైనిక కూటమి, వ్యాపారం కూడా కారణమే కావచ్చని ఒక్క మాటలో చెప్తే చాలు.

హోంవర్క్‌గా చిలీ ఇవ్వండి. ఎన్నికల్లో గెలిచిన అయెండే ప్రభుత్వాన్ని దెబ్బతీయడానికి అమెరికా సైన్యాన్ని పంపలేదు, తన గూఢచార సంస్థ సీఐఏతో రహస్యంగా పని చేయించింది. 1973లో అక్కడి సైన్యం ఆయన్ని కూల్చింది. అంత దాచుకోవాల్సి రావడం సిద్ధాంతానికి బలమా, దెబ్బా? ఏ వైపు రాసినా కారణం గట్టిగా ఉంటే పూర్తి మార్కులు వేయండి.