యాంజియోగ్రామ్‌కు (రక్తనాళాల్లోకి డై ఎక్కించి తీసే ఎక్స్‌రే పరీక్షకు) పంపే ముందు నర్సు చూసుకోవాల్సినవి

• ముందు అలర్జీ. "ఇదివరకు స్కాన్‌లో డై ఎక్కించినప్పుడు దద్దుర్లు, ఆయాసం వచ్చాయా అండీ?" అని విడమరిచి అడగండి.

• క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు ఫైల్లో ఉండాలి. ఎక్కువుంటే వెంటనే డాక్టరుకు చెప్పండి, మెట్‌ఫార్మిన్ (షుగరు మాత్ర) ఆపాలా అన్న సంగతీ అప్పుడే అడగండి.

• వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడుతుంటే ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం చెప్పే పరీక్ష) చూడండి. ఆస్పిరిన్ మాత్రం సొంతంగా ఆపకండి.

• రెండు పాదాల మీదా నాడి వేలితో వెతికి, దొరికినచోట పెన్నుతో గుర్తు పెట్టండి. గజ్జల్లోంచి చేసి తిరిగొచ్చాక కాలు చల్లబడితే, పోల్చి చూడటానికి ఆ గుర్తే ఆధారం. ఎంత హడావుడిలో ఉన్నా దయచేసి ఇది వదలకండి.

• కుడి మణికట్టు నుంచి చేస్తుంటే క్యాన్యులా (మందులెక్కించడానికి నరంలో పెట్టే సన్నటి గొట్టం) ఎడమ చేతికి.

• అంగీకార పత్రం మీద సంతకం, ఖాళీ కడుపు, నెయిల్ పాలిష్ తీసేయడం.

• పేషెంటు టెన్షన్‌గా ఉంటారు. డై ఎక్కేటప్పుడు ఒక్కసారిగా ఒళ్లంతా వేడెక్కినట్టు అనిపించడం మామూలేనని ముందే చెప్పండి.