వాకింగ్ చేస్తున్నా బరువు దిగట్లేదా? ముందుగా నెల సరుకుల చీటీ తీయండి

రోజూ పొద్దున్నే నడుస్తున్నారు. రాత్రి అన్నం మానేసి పుల్కాలు తింటున్నారు. కాఫీలో పంచదార తగ్గించారు. అయినా మూడు నెలలుగా బరువు అక్కడే ఆగిపోయింది. ఈ బాధతో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో అప్పటికే థైరాయిడ్ రిపోర్టు ఉంటుంది. అది నార్మల్‌గానే ఉంటుంది. రెండు మూడు డైట్ ప్లాన్లు మార్చి ఉంటారు. "ఇంట్లో నెలకు నూనె ఎంత పడుతుంది?" అని అడిగితే మాత్రం భార్యాభర్తలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పైసా ఖర్చు లేని ఆ ఒక్క ప్రశ్నను దాటేసి అందరూ రక్త పరీక్షల దాకా వెళ్లిపోతున్నారు. అది చూసి చూసి విసుగొచ్చే ఇది రాస్తున్నాను.

నడక, ఆకుకూరలు, స్వీట్లకు దూరం లాంటివి మీరు ఇప్పటికే చేస్తున్నారనే అనుకుంటున్నాను. వాటి గురించి మళ్లీ చెప్పను.

సమస్య: కాటా రోజుకో అంకె చూపిస్తోంది

ఇది కొవ్వు కాదు, నీరు. రాత్రి బిర్యానీ తిన్నా, మధ్యాహ్నం ఆవకాయ కాస్త ఎక్కువైనా ఆ ఉప్పుకి ఒంట్లో నీరు నిలిచి తెల్లారేసరికి కిలో దాకా పెరగొచ్చు. ఆడవాళ్లకు నెలసరి ముందు రోజుల్లో కూడా ఇలాగే ఉంటుంది. కొత్తగా జిమ్ మొదలుపెడితే కండరాలు కొన్ని వారాల పాటు నీరు పట్టి ఉంచుతాయి.

పరిష్కారం: పొద్దున బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, కాఫీ తాగకముందు, అదే కాటా, నేల మీద అదే చోట. ఏడు రోజులు రాసి సగటు తీయండి. ఆ సగటును వచ్చే వారం సగటుతో పోల్చండి. ఈ రోజు అంకెను నిన్నటి అంకెతో పోల్చి టెన్షన్ పడొద్దు. దాంతోపాటు నడుము కొలత కూడా రాసుకోండి. మన దేశంలో వాడే హద్దు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80. బరువు అలాగే ఉండి ప్యాంటు లూజవుతుంటే మీ పని సవ్యంగానే సాగుతోంది, ఏమీ మార్చకండి. నాలుగు వారాల సగటు, నడుము కొలత రెండూ కదలకపోతేనే కింది భాగం చదవండి.

సమస్య: తిండి తగ్గించాను, నడక పెంచాను, బరువు మాత్రం కదలదు

ఇక్కడే ఎక్కువ సేపు ఆగాలి, ఎందుకంటే అసలు దొంగ ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది. అది వంటనూనె.

నూనె అంత తేలిగ్గా ఎందుకు దాక్కుంటుందో ముందు చూడండి. అన్నం ఎంత తిన్నారో కంచంలో కనిపిస్తుంది. పుల్కాలు లెక్కపెట్టుకోవచ్చు. నూనె అలా కనిపించదు. దొండకాయ వేపుడు వడ్డించుకుంటే "కూరగాయ తిన్నాను" అనే అనుకుంటాం. పావుకిలో దొండకాయల్లో ఉండేది మహా అయితే 50, 60 కేలరీలు. అవి కరకరలాడాలని నాలుగు పెద్ద చెంచాల నూనె పోస్తే దాంతో చేరేవి 480 కేలరీలు. అప్పుడు బాండీలో ఉన్నది పేరుకే దొండకాయ. వంకాయ ఇంకా ఎక్కువ పీలుస్తుంది. గుత్తివంకాయ కూర పైన నూనె తేలితేనే కుదిరినట్టని మన ఇళ్లలో నమ్మకం.

రెండో సంగతి, తినే మనిషి ఒకరు, పోసే చెయ్యి ఇంకొకరిది. డైట్ చేసేది భర్త, వండేది భార్యో, అమ్మో, వంటమనిషో. ఈయన పూటకు ఎన్ని పుల్కాలో లెక్క రాసుకుంటాడు. పోపులో ఎంత పడిందో ఈయనకు తెలియదు. వండేవాళ్లు కొలవరు, చేతి అలవాటు కొద్దీ పోస్తారు. "మేం నూనె చాలా తక్కువ వాడతామండీ" అని అందరూ నిజాయితీగానే చెబుతారు. కొలవనిది తక్కువో ఎక్కువో ఎవరికీ తెలియదు, అంతే.

మూడోది ఈమధ్య బాగా పెరిగింది. రిఫైన్డ్ నూనె మానేసి గానుగ నూనెకు మారారు. మంచిదే, నాకేమీ అభ్యంతరం లేదు. కానీ "ఇది ఆరోగ్యానికి మంచిది" అనుకున్న మరుక్షణం చెయ్యి ఇంకాస్త వంగుతుంది. గానుగ వేరుశనగ నూనె అయినా, నువ్వుల నూనె అయినా, ఆలివ్ ఆయిల్ అయినా, రైస్ బ్రాన్ అయినా గ్రాముకు 9 కేలరీలే. నెయ్యి కూడా దాదాపు అంతే. నాణ్యత వేరు, లెక్క వేరు. కాటాకి లెక్క ఒక్కటే తెలుసు.

ఇప్పుడు చీటీ తీయండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు. నలుగురున్న ఇంట్లో నెలకు 5 లీటర్ల డబ్బా ఖాళీ అవుతోందనుకుందాం. మనిషికి రోజుకు దాదాపు 38 గ్రాములు, అంటే 340 కేలరీలు. అదే ఇల్లు 3 లీటర్లతో నడిస్తే మనిషికి 23 గ్రాములు, 205 కేలరీలు. తేడా రోజుకు 135. 70 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే, కూర్చుని ఉన్నప్పటికంటే అదనంగా ఖర్చయ్యేది సుమారు 100 కేలరీలు. పొద్దున పార్కులో కష్టపడి కరిగించింది మధ్యాహ్నం వేపుడులో తిరిగి వచ్చేస్తోంది. మీ కష్టంలో లోపం లేదు, డబ్బా దగ్గర కారిపోతోంది.

నూనె ఎంత ఉండాలి? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2010లో ఇచ్చిన సిఫార్సుల్లో, కూర్చుని పనిచేసే మగవారికి వంటలో, వడ్డనలో వాడే నూనె, నెయ్యి అన్నీ కలిపి రోజుకు 25 గ్రాములు, ఆడవారికి 20 గ్రాములు అని ఉంది. "అన్నీ కలిపి" అన్న మాట గమనించండి. ముద్దపప్పు మీద నెయ్యి, కారప్పొడిలో నూనె, దోసె చుట్టూ తిప్పిన చెంచా, అన్నీ అందులోవే.

చీటీ చూసేటప్పుడు మూడు జాగ్రత్తలు. ప్యాకెట్ అంటే లీటరే అనుకోకండి, ఇప్పుడు రకరకాల తూకాల్లో వస్తున్నాయి. పైన ముద్రించిన గ్రాములు చూసి కూడండి. నెయ్యి, వెన్న విడిగా రాయండి. డబ్బాలో నూనె తగ్గినా బయట నుంచి వచ్చేది ఈ లెక్కలో లేదని గుర్తుంచుకోండి. కర్రీ పాయింట్ కూరలు, టిఫిన్ సెంటర్ పూరీలు, సాయంత్రం మిక్చర్, కొన్న పచ్చళ్లు ఏవీ చీటీలో కనిపించవు. కాబట్టి చీటీ చెప్పేది కనీస అంకె, అసలు సంగతి దానికంటే ఎక్కువే. సంక్రాంతి పిండివంటలు చేసిన నెలను లెక్కలోకి తీసుకోకండి, మామూలు నెల చూడండి.

ఎలా సరిచేయాలి

"రేపటి నుంచి నూనె తగ్గిద్దాం" అంటే వారం కూడా నిలవదు. తగ్గించాలంటే కొలవాలి. పొద్దున వంట మొదలుపెట్టే ముందు ఆ రోజు నూనెను ఒక చిన్న సీసాలోకి పోయండి. నలుగురు పెద్దవాళ్లకు 100 మిల్లీలీటర్లు. దగ్గు మందు సీసాతో వచ్చే కొలత మూత చాలు, వేరే ఏమీ కొనక్కర్లేదు. పోపు, కూర, దోసెలు, చపాతీలు అన్నీ ఆ సీసాలోంచే. నెయ్యి వేసుకుంటే అంత నూనె తగ్గించి పోయండి. పెద్ద డబ్బా అటక మీదికి వెళ్లాలి. పొయ్యి పక్కనే ఉంటే చెయ్యి దాని వైపే పోతుంది.

మొదటి మూడు నాలుగు రోజులు సాయంత్రానికే సీసా ఖాళీ అవుతుంది. కావాల్సింది అదే. నూనె ఎక్కడ పోతోందో అప్పుడే బయటపడుతుంది.

వేపుడు మానేయమని నేను చెప్పను. అన్నంలోకి పప్పు, వేపుడు లేకుండా ఎన్నాళ్లు ఉంటారు? పద్ధతి మార్చండి. ముక్కలు సన్నగా తరిగి, ఉప్పు వేసి, చారెడు నీళ్లు చిలకరించి, మూత పెట్టి సన్న సెగ మీద మగ్గనివ్వండి. దొండకాయ, బీన్స్, గోరుచిక్కుడు ఇలా వాటి తడికే ఉడికిపోతాయి. తడి ఇంకాక మూత తీసి, అప్పుడు రెండు టీస్పూన్ల నూనె వేసి వేయించండి. నూనె ముందే పోస్తే ముక్క పచ్చిగా ఉన్నంతసేపూ పీలుస్తూనే ఉంటుంది, అడుగంటుతోందని మళ్లీ పోస్తారు. బంగాళదుంపలైతే ముందు ఉడకబెట్టి తర్వాత వేయించండి. బెండకాయకు మూత పెట్టొద్దు, జిగురొస్తుంది. దాన్ని ముందురోజే కడిగి ఆరబెట్టి, ఇనప మూకుడులో నిదానంగా వేయించాలి.

పోపుకు పెద్ద బాండీ వాడకండి. అడుగు తడవడానికే రెండు చెంచాలు కావాలి. చిన్న పోపు గరిటెలో ఒక టీస్పూన్‌తో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు చక్కగా వేగుతాయి. నలుగురి పప్పుకు అది చాలు.

కర్రీ పాయింట్ మీద ఆధారపడే ఇళ్లలో అన్నం, చపాతీ ఇంట్లో చేసుకుని, బయట నుంచి పప్పు, సాంబారు, రసం మాత్రం తెచ్చుకోండి. ఇగురు కూరలు తప్పనిసరైతే పైన తేలిన నూనె వంచేసి తినండి.

వండేవాళ్లతో ఎలా మాట్లాడతారన్నది కూడా ఇందులో భాగమే. "నీ వంట వల్లే నేను తగ్గట్లేదు" అని మొదలుపెట్టిన ఇంట్లో ఈ పని సాగదు. అమ్మనైనా, అత్తయ్యనైనా పక్కన కూర్చోబెట్టుకుని చీటీ చూపించి, సీసా నింపే పని మీరు తీసుకోండి. వాళ్ల చేతికి నింపిన సీసా ఇవ్వండి. ఇంకొక మాట, నూనె పూర్తిగా మానేయకండి. కొన్ని విటమిన్లు ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి. ఎదిగే పిల్లల నెయ్యికి కోత పెట్టొద్దు, వాళ్ల లెక్క వేరు.

ఫలితం ఎలా ఉంటుందంటే, రోజుకు 135 కేలరీలు తగ్గితే నెలకు దాదాపు అరకిలో. చిన్నదిగా అనిపిస్తుంది. కానీ మీరు ఇప్పటికే నడుస్తున్నారు, తిండి తగ్గించారు. ఆగిపోయిన బండి కదలడానికి చాలామందికి ఆ కాస్తే సరిపోతుంది. ఆరు వారాలు సీసా పద్ధతి పాటించి సగటు చూడండి.

సమస్య: అన్నం మానేసి మిల్లెట్స్ తింటున్నా, మార్పు లేదు

వంద గ్రాముల బియ్యంలోనూ, వంద గ్రాముల కొర్రల్లోనూ కేలరీలు దాదాపు ఒకటే, 330 నుంచి 355 మధ్య. కొర్రల్లో పీచు ఎక్కువ కాబట్టి కడుపు త్వరగా నిండుతుంది, లాభం అక్కడే. అదే కంచం నిండా తింటే ఆ లాభం పోతుంది. బెల్లం, తేనె కూడా ఇంతే. పంచదార బదులు వాడితే మారేది రుచి, కేలరీల్లో పెద్ద తేడా ఉండదు.

సమస్య: ఇడ్లీ తిన్నా లాభం లేదు

ఇడ్లీలో నూనె చుక్క లేదు, నిజమే. చట్నీ చూడండి. 30 గ్రాముల పల్లీల్లో 170 కేలరీలుంటాయి, అది దాదాపు మూడు ఇడ్లీలతో సమానం. పల్లీ చట్నీ గిన్నెతో కాక చెంచాతో వడ్డించుకోండి, మిగతాది సాంబారు, అల్లం పచ్చడి. గుప్పెళ్లకొద్దీ తినే బాదం, జీడిపప్పు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

సమస్య: మొదటి నెల మూడు కిలోలు తగ్గి ఆగిపోయింది

మొదట తగ్గిన దాంట్లో నీరు చాలా ఉంటుంది. ఆ తర్వాత నెలకు ఒకటి, రెండు కిలోలు తగ్గితే మంచి వేగమే. ఒళ్లు తేలికైన కొద్దీ అదే నడకకు ఖర్చయ్యే శక్తి కూడా తగ్గుతుంది. వారానికి రెండు రోజులు బరువులెత్తే వ్యాయామం కలపండి. చేతి వాచీ చూపించే "ఖర్చైన కేలరీలు" నమ్మి అదనంగా తినకండి, చాలాసార్లు ఎక్కువ చేసి చూపిస్తాయి.

సమస్య: సోమవారం నుంచి శుక్రవారం దాకా సరిగ్గానే ఉంటాను

శని, ఆదివారాలు రాయండి. కారణం అక్కడే ఉంటుంది.

ఇక అరుదైనవి

థైరాయిడ్ తక్కువగా ఉంటే బరువు పెరుగుతుంది, కానీ సాధారణంగా రెండు నుంచి నాలుగు కిలోలే, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పు, నీరు. నీరసం, మలబద్ధకం, చలి ఓర్చుకోలేకపోవడం ఉంటే టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్త పరీక్ష ఒకసారి చేయించుకోండి. నార్మల్ వస్తే ఆ ఫైలు మూసేయండి, మూడు నెలలకోసారి మళ్లీ చేయించక్కర్లేదు. నెలసరి సరిగ్గా రాక, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు వస్తుంటే పీసీఓఎస్ (ఆడవాళ్లలో హార్మోన్ల తేడాతో వచ్చే సమస్య) ఉందేమో చూపించుకోవడానికి గైనకాలజిస్టును కలవండి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని షుగర్ మాత్రలు, కొన్ని మానసిక సమస్యల మందులు బరువు పెంచుతాయి. సొంతంగా ఆపకండి, రాసిన డాక్టరునే మార్చగలరేమో అడగండి.

కాళ్లు వాచి, నాలుగడుగులకే ఆయాసం వచ్చి, కొద్ది రోజుల్లోనే బరువు గబగబా పెరుగుతుంటే మాత్రం చీటీలూ సీసాలూ పక్కన పెట్టి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి.