దూదిలా ఉందని కొనకండి: జిమ్ షూ జాగ్రత్తలు

సంక్రాంతి వెళ్లాక వచ్చే మొదటి సోమవారం కూకట్‌పల్లిలోని మా జిమ్‌లో కొత్త బ్యాచ్ మొదలవుతుంది. అరిసెలు, సకినాలు ఇంకా కడుపులో ఉండగానే తొంభై రోజుల ఛాలెంజ్‌కు డబ్బు కట్టేస్తారు. ఈసారి ఆ బ్యాచ్‌కు ముందే ఇది రాయాలనిపించింది. పోయిన గురువారం సాయంత్రం జరిగినదే కారణం.

ముప్పై నాలుగేళ్ల మనిషి, బాక్స్ జంప్ చేస్తున్నాడు, అంటే పెట్టె మీదికి దూకి దిగడం. బాక్స్ ఎత్తు 20 అంగుళాలే. ఎక్కడం బాగానే ఎక్కుతున్నాడు. ఎనిమిదోసారి దిగేటప్పుడు కుడికాలు బయటి అంచు మీద పడింది, పాదం లోపలికి మడతపడింది. టప్‌మన్న చప్పుడు పక్కన రాక్ దగ్గరున్న నాకూ వినిపించింది. చీలమండ బయటివైపు లిగమెంట్, అంటే ఎముకలను కలిపి పట్టుకునే పట్టీ, చిరిగింది. ఇప్పుడు కాలికి కట్టు, చంకలో కర్ర. అతను వేసుకున్నది చవకరకం షూ కాదు, పన్నెండు వేల రన్నింగ్ షూ. ముందురోజే కొని తెచ్చి, "అన్నా, ఒక్కసారి నొక్కి చూడు, దూదిలా ఉంది" అని నా చేతిలో పెట్టాడు. బాగుంది అని నవ్వి ఊరుకున్నాను. ఆ తప్పు నాది.

వార్మప్ చేయండి, నీళ్లు తాగండి అని ఇక్కడ చెప్పబోవడం లేదు, అవన్నీ మీకు తెలుసు. పదకొండేళ్లుగా ట్రైనింగ్ ఇస్తూ నేను చూసిన కాలి దెబ్బల్లో మళ్లీ మళ్లీ కనపడే తప్పు ఒకటుంది. షాపులో సోల్‌ను బొటనవేలితో నొక్కి, మెత్తగా ఉందని కొనెయ్యడం. దాని గురించే రాస్తున్నాను.

మెత్తదనం ఎలా ముంచుతుంది

రన్నింగ్ షూ చెడ్డది కాదు. అది ముందుకు పోవడానికే పుట్టింది. మడమ నేలను తాకుతుంది, బరువు ముందుకు దొర్లుతుంది, వేళ్లు నేలను నెట్టి పాదం లేస్తుంది. అడుగడుగునా అదే వరస, అదే దిక్కు. అందుకే మడమ కింద ఫోమ్ మందంగా, వేళ్ల కింద పలచగా పెడతారు. మామూలు రన్నింగ్ షూలో ఈ రెండింటికీ తేడా 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. ఈ మధ్య ఫోమ్ మందం ఎంత పెరిగిపోయిందంటే, రోడ్డు పరుగు పోటీల్లో సోల్ 40 మిల్లీమీటర్లు దాటకూడదని ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య (వరల్డ్ అథ్లెటిక్స్) 2020లో నిబంధనే పెట్టాల్సి వచ్చింది. నలభై మిల్లీమీటర్లంటే నాలుగు సెంటీమీటర్ల స్పాంజి.

ఇంట్లో మంచం మీద పరుపుపై నిలబడి నిండు బిందె ఎత్తి చూడండి. ఎత్తక్కర్లేదు, ఊహించుకున్నా చాలు. జిమ్‌లో మీరు చేస్తున్నది అదే.

మన క్లాసులో ముందుకు పరిగెత్తేది ఎంతసేపు? పక్కకు దూకుతాం, దిగుతాం, టక్కున ఆగుతాం, తిరుగుతాం, బరువు పట్టుకుని వెనక్కి లంజ్ (ఒక కాలు వెనక్కి వేసి మోకాళ్లు వంచి దిగడం) వేస్తాం. పక్కకు దూకిన ప్రతిసారీ ఒళ్లంతా పాదం బయటి అంచు మీదికి వస్తుంది. మెత్తటి ఫోమ్ ఆ అంచు దగ్గరే ఎక్కువగా అణుగుతుంది. అంటే మీ పాదం కింద షూయే ఒక వాలు తయారు చేస్తుంది. పాదం నేలకు ఎంత ఎత్తున ఉంటే ఆ వాలు చీలమండను అంత జోరుగా తిప్పుతుంది. పైన ఉన్న జాలీ గుడ్డ గాలి ఆడటానికి పెట్టిందే గాని పాదం పక్కకు జారకుండా పట్టుకోవడానికి కాదు. మడమ దగ్గర బయటికి పొడుచుకొచ్చే సోల్ పరుగులో మంచిదే, పక్కకు దిగేటప్పుడు మాత్రం అదే అంచు ముందు నేలకు తగిలి కాలిని మెలితిప్పుతుంది.

స్క్వాట్‌లోనూ అంతే. భుజాల మీద 80 కేజీలు పెట్టుకుని కిందికి కూర్చుంటే మడమ కింద ఫోమ్ ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ నలుగుతుంది. మోకాళ్లు లోపలికి వాలతాయి. "నాకు బ్యాలెన్స్ లేదన్నా" అంటారు. వాళ్లను షూ విప్పించి సాక్సుల మీద చేయిస్తే చాలామందికి అక్కడికక్కడే బ్యాలెన్స్ వచ్చేస్తుంది.

మెత్తగా ఉందని కొనకండి. ఈ మాట ఇంకా రెండుమూడుసార్లు వస్తుంది, విసుక్కోకండి.

మరి ఏది కొనాలి

దూకుడు, బరువులు, కాస్త పరుగు, నేలమీద బర్పీలు (నేలకు వాలి, లేచి గెంతడం) అన్నీ కలిసిన క్లాసుకు ట్రైనింగ్ షూ అనే రకమే వేరే ఉంది. 2011లో రీబాక్ నానో, 2015లో నైకీ మెట్‌కాన్ వచ్చాక ఈ రకం అందరికీ తెలిసింది. ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి. సోల్ నేలకు దగ్గరగా ఉంటుంది, మడమకూ ముందుభాగానికీ తేడా చాలావాటిలో 4 నుంచి 7 మిల్లీమీటర్లే. మడమ కింద గట్టిగా, వేళ్ల దగ్గర వెడల్పుగా, పక్కలు బిగువుగా ఉంటాయి. వేసుకోగానే "ఇదేంటన్నా చెక్కలా ఉంది" అనిపిస్తుంది. అనిపించాలి.

ట్రైనింగ్ షూకు డబ్బు పెట్టలేనివాళ్లకు, లేదా పెట్టడం ఇష్టంలేనివాళ్లకు నా సలహా బ్యాడ్మింటన్ షూ. హైదరాబాద్‌లో గల్లీకో కోర్టు ఉంది, షూలు అన్ని ధరల్లోనూ దొరుకుతాయి. ఆ ఆటే పక్కకు దూకడం, ఆగడం. సోల్ పలచన, గమ్ రబ్బరు పట్టు బాగుంటుంది, పక్కల ఆసరా ఉంటుంది. భారీ బరువులకు అంత గొప్పది కాదు గాని మెత్తటి రన్నింగ్ షూ కంటే వెయ్యిరెట్లు నయం. కోర్టు బయట రోడ్డు మీద మాత్రం దాంతో నడవకండి, గమ్ సోల్ ఇట్టే అరిగిపోతుంది.

బడిలో డ్రిల్లుకు వేసుకున్న తెల్ల కాన్వాస్ షూ లాంటి చదును సోల్ డెడ్‌లిఫ్ట్‌కు, అంటే నేలమీది బరువును వంగి పైకెత్తడానికి, భేష్. దూకడానికి పనికిరాదు, మడమకు ఆసరా లేదు. వెయిట్‌లిఫ్టింగ్ షూలో మడమ 15 నుంచి 22 మిల్లీమీటర్లు లేచి రాయిలా ఉంటుంది. చీలమండ సరిగా వంగనివాళ్లకు స్క్వాట్‌లో అది వరం. దాన్నే వేసుకుని బాక్స్ ఎక్కేవాళ్లను చూశాను, వద్దు.

ట్రెడ్‌మిల్ మాత్రమే చేస్తారా, హాయిగా రన్నింగ్ షూ వేసుకోండి. హైరాక్స్ పోటీకి సిద్ధమయ్యేవాళ్ల లెక్క కూడా వేరు. అందులో ఒక్కో కిలోమీటరు చొప్పున ఎనిమిదిసార్లు పరుగు, మధ్యమధ్య స్లెడ్ (బరువులు పెట్టిన బండి) తొయ్యడం, ఇసుక సంచి మోస్తూ లంజ్‌లు, చివర్లో వాల్ బాల్స్, అంటే బరువు బంతిని గోడకేసి విసరడం. పరుగే 8 కిలోమీటర్లు కాబట్టి పట్టు బాగున్న, మరీ ఎత్తులేని రన్నింగ్ షూ అక్కడ సరైనదే. దాంతో మాత్రం మన మంగళవారం బాక్స్ క్లాసుకు రాకండి.

షాపులో

సాయంత్రం వెళ్లండి. పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, క్లాసు మధ్యలో ఉన్నట్టే. జిమ్‌కు వేసుకునే సాక్సులే వేసుకెళ్లండి. రెండు కాళ్లకూ తొడగండి. మనలో చాలామందికి ఒక పాదం రవ్వంత పెద్దది, దాని సైజే మీ సైజు. అన్నిటికంటే పొడుగు వేలికి ముందు ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. పొడుగు వేలు బొటనవేలే కానక్కర్లేదు, కొందరికి పక్కవేలు పొడుగు.

వెడల్పు గురించి ఒక మాట. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ లక్షమందికి పైగా భారతీయుల పాదాలు కొలిచి, మనకంటూ ఒక సైజు పద్ధతి తయారు చేసే పనిలో పడింది. ఐరోపా, అమెరికా కొలతల షూలు మన పాదాలకు వెడల్పు చాలడం లేదని ఆ సర్వేలో తేలింది. వెడల్పు చాలక మనవాళ్లు పెద్ద సైజు తీసుకుంటారు, అప్పుడు పొడుగు ఎక్కువై మడమ లోపల ఆడుతుంది. ఆడే మడమ, మెత్తటి సోల్, రెండూ కలిస్తే గురువారం సాయంత్రమే. వెడల్పు రకం అడగండి. ఆడవాళ్లకు అమ్మే షూ బిగుతుగా ఉంటే మగవాళ్ల వరసలో చూడండి, అందులో సిగ్గేముంది. ఆన్‌లైన్‌లో కొంటే యూకే, యూఎస్ అంకెలు వదిలేసి సెంటీమీటర్ల అంకెతో మీ పాదం కొలత పోల్చుకోండి.

చేతిలోకి తీసుకుని ఉతికిన గుడ్డలా పిండండి. సులువుగా మెలిక తిరిగితే పక్కన పెట్టండి. వంచితే వేళ్ల మొదట్లో వంగాలి, నడుమ విరిగినట్టు వంగకూడదు. మడమ కప్పును వెనక నుంచి రెండు వేళ్లతో నొక్కండి, చితకకూడదు. బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి, ఒకవైపు వాలి ఉంటే కొత్తదైనా లోపమే. చివరికి తొడుక్కుని ఒంటికాలి మీద, కళ్లు మూసుకుని, పది అంకెలు లెక్కపెట్టండి. ఊగిపోతే అదే షాపులో వట్టికాలితో మళ్లీ చేయండి. వట్టికాలితో నిలబడి షూతో నిలబడలేకపోతే షూదే లోపం. సేల్స్ కుర్రాడు నవ్వితే నవ్వనివ్వండి.

ఇక వరసగా చెప్పుకుపోతాను

మెత్తగా ఉందని కొనకండి.

గట్టి షూ కొని లోపల జెల్ ఇన్‌సోల్ వేసుకుంటున్నారు కొందరు. మళ్లీ దూదే కదా. తీసేయండి. డాక్టరు రాసిచ్చింది అయితే వేరే సంగతి.

పొద్దున పార్కులో నడిచిన షూతో సాయంత్రం క్లాసుకు రావద్దు.

మడమ బయటివైపు అరిగిన షూ పైకి ఎంత కొత్తగా ఉన్నా చచ్చినట్టే. మీ కాలు మడతపడటానికి సగం దారి అదే వేసిపెట్టింది.

అలమారాలో మూడేళ్లు పడుకున్న షూ తీసి నేరుగా స్కిప్పింగ్ మొదలుపెట్టకండి. తేమకూ వేడికీ జిగురు పోతుంది, పాలీయూరిథేన్ సోల్ అయితే పైకి బాగానే కనిపిస్తూ లోపల పొడి అయిపోతుంది. గంతుల మధ్యలో సోల్ మొత్తం ఊడి కుక్క నాలుకలా వేలాడటం నేను రెండుసార్లు చూశాను. ముందు ఇంట్లో వంచి, లాగి చూసుకోండి.

కారు డిక్కీలో షూ వదలొద్దు, ఎండాకాలం అసలొద్దు.

వాషింగ్ మెషీన్లో వేయొద్దు. తడిస్తే ఇన్‌సోల్ బయటికి తీసి, లోపల పాత పేపర్లు కుక్కి, ఫ్యాన్ కింద పెట్టండి.

ఫస్ట్ కాపీ వద్దు. పైన గుర్తు అచ్చం అలాగే ఉంటుంది, కింద ఏ ఫోమ్ ఉందో అమ్మేవాడికీ తెలియదు.

తమ్ముడి షూ వద్దు, బావగారి షూ వద్దు. వాళ్ల పాదం అచ్చు అందులో పడి ఉంటుంది.

కొత్త షూతో మొదటి రోజే గంట క్లాసు చేయొద్దు. ఇంట్లో రెండు రోజులు, జిమ్‌లో వార్మప్ వరకు, ఆ తర్వాతే.

లేసు కన్నాల వరసలో పైన చివర ఉన్న అదనపు కన్నం అలంకారానికి కాదు. లేసును అందులోంచి తిప్పి చిన్న ఉచ్చులా చేసి, ఎదురు లేసును దాంట్లోంచి లాగి బిగించండి. మడమ కదలదు.

పలచటి బేర్‌ఫుట్ షూలు వీడియోలో చూసి ముచ్చటపడి ఒకేసారి మారకండి. ఇన్నాళ్లూ ఎత్తు మడమకు అలవాటైన పిక్క, మడమ నరం ఒక్క వారంలో సాగవు. రోజుకు పది నిమిషాలతో మొదలు.

షుగర్ ఉన్నవాళ్లు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి చూడండి, విప్పాక పాదం అడుగు చూసుకోండి. తిమ్మిర్లుంటే పుండు పడినా తెలియదు. వట్టికాలితో లిఫ్ట్ చేయడం మీకు లేదు.

మెత్తగా ఉందని కొనకండి. ఎవరైనా బహుమతిగా ఇచ్చినా నడకకే వాడండి.

కాలు మడతపడితే నూనె రాసి లాగించుకోకండి. షూ విప్పి, కాలు ఎత్తులో పెట్టి, గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టండి. లేచి నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండ గుబ్బల వెనక అంచు మీద నొక్కితే ప్రాణం పోయినట్టున్నా, పాదం బయటి అంచు మధ్యలో తగిలే ఎముక మొదలు దగ్గర నొప్పి ఉన్నా ఎక్స్‌రే తప్పదు. ఆ చివరి ఎముకను తేలిగ్గా తీసుకోకండి. రాబర్ట్ జోన్స్ అనే బ్రిటన్ ఎముకల డాక్టరు డాన్స్ చేస్తూ సరిగ్గా అదే ఎముక విరగ్గొట్టుకుని 1902లో దాని మీద వ్యాసం రాశాడు. ఆ విరుపుకు ఇప్పటికీ ఆయన పేరే.

సోమవారం బ్యాచ్‌లో ఉన్నవాళ్లంతా షూ సంచిలో పెట్టుకుని రండి, వేసుకుని రావద్దు. తలుపు దగ్గర నేనే నొక్కి చూస్తాను, పిండి చూస్తాను. బొటనవేలు లోపలికి దిగిందంటే ఆరోజు మీకు బాక్స్ లేదు, బార్ లేదు. మూలన సైకిల్ ఉంది, దాని మీద కూర్చోండి.