న్యాయాధికారుల సంఘాన్ని నియమబద్ధంగా నడపడం ఎలా?

జడ్జీలకు సంఘం ఎందుకు అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. చిన్న పట్టణంలో పనిచేసే జూనియర్ సివిల్ జడ్జికి కూడా ఇల్లు, జీతం, బదిలీ, భద్రత వంటి సమస్యలు ఉంటాయి. వాటిని ఒంటరిగా చెప్పుకోవడం అతనికి కష్టం. న్యాయవ్యవస్థ స్వతంత్రతపై ఐక్యరాజ్యసమితి 1985లో ఆమోదించిన మూల సూత్రాలు జడ్జీలకు సంఘాలు ఏర్పరచుకునే స్వేచ్ఛ ఉందని చెబుతున్నాయి. మన దేశంలో అఖిల భారత జడ్జీల సంఘం వేసిన రిట్ పిటిషన్‌పై సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన తీర్పు వల్లనే కింది కోర్టుల న్యాయాధికారులకు పదవీ విరమణ వయస్సు, అధికార నివాసం, ఇంటి వద్ద గ్రంథాలయం, శిక్షణ వంటి విషయాల్లో దేశమంతటికీ వర్తించే ఆదేశాలు వచ్చాయి. ఆ తీర్పును పునఃసమీక్షిస్తూ 1993లో అదే కోర్టు, జడ్జీలు మామూలు అర్థంలో ఉద్యోగులు కారని స్పష్టం చేసింది. సంఘం పెట్టాలనుకునేవారు ముందుగా గుర్తుంచుకోవలసినది ఈ మాటనే. ఏదో ఒక ఉద్యోగ సంఘం నియమావళిని తెచ్చి పేరు మార్చుకుంటే అది జడ్జీల సంఘానికి సరిపోదు. సంఘం చేసే ప్రతి పని రేపు సభ్యుడు కూర్చునే బెంచీ మీద కక్షిదారుకు ఉన్న నమ్మకాన్ని తాకుతుంది.

కాబట్టి నియమావళి రాయడానికి కూర్చునే ముందు నాలుగు పత్రాలు చదవండి. కింది కోర్టులపై నియంత్రణను హైకోర్టుకు అప్పగించిన రాజ్యాంగం 235వ అధికరణం, మీ రాష్ట్ర న్యాయాధికారులకు వర్తించే నడవడి నియమాలు, 1997లో సుప్రీంకోర్టు పూర్తి కోర్టు (జడ్జీలందరూ కూడిన సమావేశం) ఆమోదించిన న్యాయజీవన విలువల ప్రకటన, జడ్జీల నడవడిపై అంతర్జాతీయంగా రూపొందిన 2002 నాటి బెంగళూరు సూత్రాలు. మూడవది ఉన్నత న్యాయస్థానాల జడ్జీల కోసం తయారైనదే అయినా, అందులో సంఘానికి నేరుగా పనికివచ్చే వాక్యం ఒకటి ఉంది: జడ్జి ఏ క్లబ్బులోనూ, సంస్థలోనూ పదవికి పోటీ చేయరాదు, న్యాయశాస్త్రానికి సంబంధించిన సంస్థలో తప్ప ఎన్నికైన పదవిలో ఉండరాదు. అంటే మీ సంఘం ఆ మినహాయింపులో ఇమిడి ఉండాలంటే దాని లక్ష్యాలు కూడా అంత పరిమితంగానే ఉండాలి. న్యాయస్వతంత్రత, వృత్తి శిక్షణ, సేవా పరిస్థితులు, సభ్యుల సంక్షేమం: ఈ నాలుగు చాలు. సమాజసేవ, సాంస్కృతిక కార్యక్రమాలు అంటూ లక్ష్యాలను పెంచుకుంటూ పోతే, వాటి వెంట దాతలు, ముఖ్య అతిథులు, సన్మానాలు వస్తాయి.

రిజిస్ట్రేషన్ సులువైన పనే. తెలుగు రాష్ట్రాల్లో వర్తించే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు కలిసి దరఖాస్తు చేసుకోవచ్చు.

కానీ అదే చట్టంలోని 23వ సెక్షన్ వద్ద ఆగి ఆలోచించండి. సొసైటీలో తగాదా వస్తే సభ్యులు మధ్యవర్తిత్వ చట్టం కింద వెళ్లవచ్చు, లేదా సంబంధిత జిల్లా కోర్టులో దరఖాస్తు వేయవచ్చు అని అది చెబుతుంది. మిగతా సొసైటీలకు ఇది మంచి సదుపాయం. జడ్జీల సంఘంలో మాత్రం, ఆ దరఖాస్తు విచారించవలసిన జిల్లా జడ్జి తానే ఆ సంఘ సభ్యుడై ఉంటాడు. బహుశా వివాదాస్పదమైన ఎన్నికలో ఓటు వేసినవాడే అయి ఉంటాడు. తన వ్యాజ్యానికి తానే న్యాయమూర్తి కారాదన్న సూత్రాన్ని రోజూ ఇతరులకు చెప్పేవారు తమ విషయంలో దానిని మరవకూడదు. అందువల్ల అంతర్గత వివాదాలన్నీ సంఘంతో సంబంధం లేని మధ్యవర్తికి, వీలైతే సభ్యత్వం లేని విశ్రాంత న్యాయమూర్తికి, వెళ్లాలని నియమావళిలోనే రాసుకోండి. మధ్యవర్తిని ఎవరు నియమించాలో, ఎన్ని రోజుల్లో తేల్చాలో కూడా రాయండి. నా దృష్టిలో నియమావళి మొత్తంలో అత్యంత జాగ్రత్తగా రాయవలసిన అంశం ఇదే, సాధారణంగా అందరూ నమూనా నుంచి యథాతథంగా ఎత్తి రాసేది కూడా ఇదే.

ఎన్నికల విషయంలో ఇతర సంఘాలకు లేని చిక్కు ఒకటి ఉంది. జిల్లా జడ్జి తన జిల్లాలోని జూనియర్, సీనియర్ సివిల్ జడ్జీల పనిని పర్యవేక్షిస్తారు, వారి పనితీరుపై అభిప్రాయం రాస్తారు. ఆయన అధ్యక్ష పదవికి నిలబడినప్పుడు చేతులెత్తే పద్ధతిలో ఓటు అడిగితే, కింది అధికారి చేయి ఎందుకు లేచిందో ఎవరూ చెప్పలేరు. ఏకగ్రీవ ఎన్నిక అని మినిట్స్ పుస్తకంలో రాసుకోవడానికి బాగానే ఉంటుంది. అది నిజమైన అంగీకారమో, మొహమాటమో మాత్రం ఆ పుస్తకం చెప్పదు. అందుకని ప్రతి పదవికీ రహస్య ఓటింగ్ పెట్టండి, కార్యవర్గంలో ప్రతి శ్రేణికీ, మహిళా అధికారులకూ స్థానాలు కేటాయించండి, ఒక పదవిలో వరుసగా రెండు పర్యాయాలకు మించి ఎవరూ ఉండరాదని నిర్ణయించండి.

డబ్బు దగ్గర నియమం ఒక్కటే ఉండాలి: సభ్యుల చందా తప్ప మరే రూపాయీ ఖాతాలోకి రాకూడదు. మన దగ్గర సంఘం అనగానే కొత్త సంవత్సరం డైరీ, క్యాలెండర్, వార్షికోత్సవ ప్రత్యేక సంచిక, వాటిలో ప్రకటనలు అలవాటుగా వచ్చేస్తాయి. జడ్జీల సంఘం డైరీలో ప్రకటన ఇచ్చిన చిట్‌ఫండ్ కంపెనీయో, స్థిరాస్తి వ్యాపారో మరుసటి నెల అదే కోర్టులో కక్షిదారుగా నిలబడవచ్చు. నిధుల సేకరణలో జడ్జి పాలుపంచుకోరాదని 1997 ప్రకటన చెప్పింది కూడా ఇందుకే. మహాసభకు హాలు ఉచితంగా ఇస్తామని ఏ కళాశాల యాజమాన్యం ముందుకు వచ్చినా, భోజనాలు తాము పెడతామని బార్ అసోసియేషన్ మిత్రులు ప్రేమగా అడిగినా, కృతజ్ఞతతో వద్దనండి. చందా చాలకపోతే సభ చిన్నదిగా జరపండి. లెక్కలను బయటి ఆడిటర్ చేత తనిఖీ చేయించి, సర్వసభ్య సమావేశానికి ముందే ప్రతి సభ్యుడికీ పంపండి.

ఇక సంఘం గొంతు గురించి. పెండింగ్‌లో ఉన్న కేసుపైగానీ, రాజకీయ వివాదంపైగానీ సంఘం ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. సభ్యుల వాట్సాప్ గ్రూపుకూ ఇదే వర్తిస్తుందని రాతపూర్వకంగా చెప్పండి. కోరికలను కారణాలతో, లెక్కలతో వినతిపత్రంగా రాసి, హైకోర్టు రిజిస్ట్రార్ జనరల్ ద్వారా పంపండి. అది ఫలించకపోతే న్యాయస్థానాన్నే ఆశ్రయించే మార్గం ఉంది. 1991 తీర్పు ఆ మార్గంలో వచ్చినదే.

2016 జూన్‌లో ఉమ్మడి హైకోర్టు రెండు తెలుగు రాష్ట్రాల మధ్య చేసిన న్యాయాధికారుల తాత్కాలిక కేటాయింపును వ్యతిరేకిస్తూ తెలంగాణ న్యాయాధికారులు రాజ్‌భవన్‌కు వెళ్లి గవర్నర్‌కు వినతిపత్రం ఇచ్చారు. సంఘ నాయకులతో సహా పలువురిని హైకోర్టు సస్పెండ్ చేయగా, వందలాది మంది సామూహిక సెలవు ప్రకటించారు. వారి ఆవేదనకు కారణాలు లేవని నేను అనను. రాష్ట్రం విడిపోయిన తరువాత పదోన్నతులు, సీనియారిటీ ఏమవుతాయన్న భయం నిజమైనదే. అయినా వాయిదా కోసం పొద్దున్నే బస్సెక్కి వచ్చిన కక్షిదారుకు ఆ రోజు కనిపించేది ఖాళీ బెంచీ మాత్రమే. కాబట్టి విధుల బహిష్కరణకు, సామూహిక సెలవుకు పిలుపునిచ్చే అధికారం కార్యవర్గానికీ, సర్వసభ్య సమావేశానికీ లేదని నియమావళిలో చేర్చండి. కోపం వచ్చిన రోజున రాసే తీర్మానం కంటే, ప్రశాంతంగా ఉన్న రోజున రాసుకున్న నియమం సంఘాన్ని బాగా కాపాడుతుంది.

చివరిగా, ఒక సభ్యుడిపై అవినీతి లేదా దుష్ప్రవర్తన ఆరోపణ వచ్చినప్పుడు ఏం చేయాలో ముందే నిర్ణయించుకోండి. క్రమశిక్షణ చర్య హైకోర్టు పని. సంఘం అతన్ని వెనకేసుకు రాకూడదు, దోషి అని తీర్మానించనూ కూడదు. విచారణలో న్యాయసహాయం, కుటుంబానికి అండ, అవసరమైతే వైద్యసహాయం ఇవ్వవచ్చు. ఆరోపణకు గురైనవారు పదాధికారి అయితే విచారణ ముగిసేవరకు పదవి నుంచి తప్పుకోవాలి. ఆరోపణ చేసినవారూ సంఘ సభ్యులే అయితే, ముఖ్యంగా ఒక మహిళా అధికారి తన పై అధికారిపై ఫిర్యాదు చేసినప్పుడు, ఆమెకు కూడా అదే సహాయం, అదే నిధి నుంచి, అంతే మేరకు అందాలి.