తొలకరికి ముందే పందుల షెడ్డులో ముగించుకోవాల్సిన పనులు

మృగశిర కార్తె ఇంకా వారం పది రోజులు ఉందనగానే పందులకు నట్టల మందు వేసేయండి, షెడ్డు కడిగేయండి. ఈ రెండూ ఒకే రోజు జరగాలి. మందు వేసి నేలను అలాగే వదిలేస్తే, పంది కడుపులోంచి పోయిన పురుగు మళ్లీ నేల మీద నుంచే కడుపులోకి చేరుతుంది. ఏటా మందుకు డబ్బు పెడుతున్నా పందులు ఎదగడం లేదని బాధపడే చాలామంది షెడ్లలో జరిగేది ఇదే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఏలికపాము. ఒక్క ఆడపురుగు రోజుకు లక్షల గుడ్లు పెడుతుంది. పెంటలో పడిన గుడ్డు వెంటనే ఏమీ చేయదు. తడి, వెచ్చదనం ఉంటే మూడు నాలుగు వారాల్లో దాని లోపల పిల్లపురుగు తయారవుతుంది. మన వానాకాలంలో ఆ రెండింటికీ కొదవ లేదు. పైగా గుడ్డు పెంకు జిగురుగా ఉంటుంది. తల్లి పంది పొదుగుకు అంటుకుని, పాలు తాగే పిల్ల నోట్లోకి పోతుంది. మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఈ గుడ్డు ఫినాయిల్‌కు, బ్లీచింగ్‌కు చావదు.

ఒకసారి కోత దగ్గర నిలబడి ఒక పంది కార్జం (కాలేయం) చూశాను. పంది పైకి నిగనిగలాడుతూ ఉంది. కార్జం మీద మాత్రం పాలు చిలకరించినట్టు తెల్లటి మచ్చలు. పిల్లపురుగులు కార్జాన్ని తొలుచుకుంటూ పోయిన దారులు అవి. అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి, పంది దగ్గుతుంది. మనం జలుబనుకుని యాంటీబయాటిక్ సూది వేయిస్తాం. మీ పందులు కోతకు వెళ్లిన రోజు దయచేసి కార్జం ఒకసారి చూడండి. మచ్చలు ఉన్నాయంటే మీ నేల ఇంకా శుభ్రపడలేదు.

కడగడంలో వరస ముఖ్యం. ముందు పెంటను పొడిగానే గీకి ఎత్తేయండి. నీళ్లు కొడితే అది మూలలకు, తొట్టి అంచులకు చేరుతుంది. తర్వాత సర్ఫ్ నీళ్లతో గట్టి చీపురు పెట్టి రుద్ది, సలసల కాగే నీళ్లు పోయండి. గుడ్డు నిజంగా చచ్చేది వేడికే. ఆపైన బాగా ఆరనివ్వండి. ఎండలు ఉండగానే చేయమనేది అందుకే. పెంటను షెడ్డుకు దూరంగా కుప్ప పోసి, లోపల వేడి పుట్టేలా మాగబెట్టి, అప్పుడప్పుడు తిరగెయ్యాలి. మట్టి దొడ్డి అయితే పైమట్టి తీసేసి, నీళ్లు నిలవకుండా వాలు పెట్టండి.

మందు అంచనాతో వేయొద్దు. 80 కిలోల పందికి 50 కిలోల మోతాదు వేస్తే పురుగు చావదు సరికదా, ఆ మందుకు అలవాటు పడుతుంది. ఐవర్‌మెక్టిన్ ఏలికపాముకు, గజ్జికి బాగానే పనిచేస్తుంది గానీ నెత్తురు విరేచనాలు తెచ్చే కొరడా పురుగు మీద అంతగా పనిచేయదు. దానికి ఫెన్‌బెండజోల్ లాంటివి కావాలి. ఏది ఎంత వేయాలో పశువుల డాక్టర్‌ను అడగండి. మందు వేశాక ఎన్నాళ్లు కోతకు పంపకూడదో సీసా మీద చదవండి. చూడి పందికి ఈనడానికి వారం రెండు వారాల ముందు మందు వేసి, పొట్ట, పొదుగు సబ్బుతో కడిగాకే ఈనే గదిలోకి తోలండి. వారం పది రోజుల పిల్లలకు పసుపుపచ్చటి పారుడు పట్టుకుంటే అది కాక్సిడియా అనే, కంటికి కనపడని పేగు పరాన్నజీవి వల్ల కావచ్చు. నట్టల మందు దానికి పనిచేయదు.

ఇక బద్దెపురుగు. ఇది మన ఇంటి మనుషుల సంగతి కూడా. పెద్దపురుగు ఉండేది మనిషి పేగుల్లో. ఆ మనిషి బయటకు వెళ్లినచోట పంది తింటే, దాని కండల్లో నీటి తిత్తులు పెరుగుతాయి. సరిగా ఉడకని ఆ మాంసం తిన్నవాళ్లకు బద్దెపురుగు వస్తుంది. మెదడులో తిత్తులు ఏర్పడి ఫిట్స్ రావడం మాత్రం పురుగు గుడ్లు నోట్లోకి పోవడం వల్ల, అంటే కడగని చేతుల వల్ల, కడగని ఆకుకూరల వల్ల. పంది మాంసం ముట్టని ఇంట్లో కూడా ఇది రావచ్చు. కాబట్టి పనివాళ్లకు మరుగుదొడ్డి, సబ్బు ఏర్పాటు చేయడం షెడ్డు ఖర్చులో భాగమే అనుకోండి. పందులను ఊరి మీదకు వదలకండి. కొనేటప్పుడు పంది నాలుక బయటికి లాగి కింద వేలితో తడమండి. గింజల్లా తగిలితే కొనకండి. తగలనంత మాత్రాన లేవనీ కాదు. ఈ తిత్తులు రాకుండా పందులకు వేసే టీకా ఉంది, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సిస్‌వాక్స్ పేరుతో తయారుచేసింది. దొరికే వీలుందేమో డాక్టర్‌ను అడగండి. ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ ఉంటే మాత్రం సొంతంగా నులిపురుగుల మాత్ర వేయకండి. మెదడులో తిత్తులు ఉన్నప్పుడు ఆ మాత్ర ప్రమాదం తేవచ్చు.

కొత్తగా తెచ్చిన పందిని నెల రోజులు విడిగా ఉంచండి. చెవి లోపల పొక్కు కట్టి ఉంటే గజ్జి ఉన్నట్టే అనుకుని డాక్టర్‌కు చూపించండి.

మందు వేసిన రెండు వారాలకు ఒక్కో గదిలోంచి తాజా పెంట చిన్న డబ్బాలో తీసి పశువైద్యశాలలో పరీక్ష చేయించండి. డబ్బా మీద గది నంబరు, మందు పేరు, వేసిన తేదీ రాయడం మరవకండి. గుడ్లు ఇంకా కనిపిస్తే మందు మార్చాలా, మోతాదు మార్చాలా అన్నది ఆ మూడూ చూసే డాక్టర్ చెప్పగలరు.