గాంధారాన్ని పద్నాలుగు సెంట్లు దించడం ఎలా

విశాఖలో సెంటు అనగానే మధురవాడలో రేటెంత అని అడుగుతారు. నేను చెప్పేది వేరే సెంటు. షడ్జం (స) నుంచి పై షడ్జం దాకా ఉన్న ఒక స్థాయిని 1200 సెంట్లుగా కొలుస్తారు. హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య వంద చొప్పున సమానంగా పంచేశారు. మా అమ్మ గొడవంతా అందులో పద్నాలుగు సెంట్ల గురించే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు సీతమ్మధారలో మా ఇంటి కిటికీ రెక్క ఊడిపోయి అమ్మ హార్మోనియం తడిసి ముద్దయింది. ఆరాక ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన స్వరాన్ని కొలిచే ట్యూనర్ పెట్టుకుని, ప్రతి మెట్టుకూ ముల్లు సరిగ్గా మధ్యలో నిలిచేలా చేసి ఇచ్చాడు. ఇంటికొచ్చాక అమ్మ తంబూరా పక్కన పెట్టి గాంధారం (గ) నొక్కింది. "ఇదేం గాంధారంరా, గరగరలాడుతోంది" అంది. ఆయన తప్పేమీ లేదు. ట్యూనర్ లెక్క వేరు, తంబూరా లెక్క వేరు.

తంబూరాలో మంద్ర షడ్జం పలికే లావు తీగ మీటి, శబ్దం సన్నగిల్లేదాకా చెవి పెట్టి వినండి. ఎవరూ మీటని గాంధారం ఒకటి అందులోంచి పైకి వస్తుంది. స్వయంభూ గాంధారం అంటారు. అది ఆ తీగ కంపనానికి అయిదు రెట్ల ధ్వని. పై స్థాయిలు తీసేసి చూస్తే షడ్జం నుంచి దాని దూరం 386 సెంట్లు. హార్మోనియం మెట్టేమో 400 దగ్గర ఉంటుంది. పంచమానికి (ప) ఈ బాధ లేదు. తంబూరాలో 702, మెట్టు మీద 700. దాని జోలికి వెళ్లకండి.

మెట్లను ఇలా సమానంగా ఎందుకు పంచారంటే, పంచమం మీద పంచమం చొప్పున పన్నెండు సార్లు ఎక్కితే ఏడు స్థాయిలు దాటి సుమారు 23.5 సెంట్లు ఎక్కువొస్తుంది. ఆ ఎక్కువను పన్నెండు పంచమాల్లోనూ సమానంగా కోసేస్తే ఏ శ్రుతిలోనైనా వాయించుకోవచ్చు. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించడానికి గమకాలు (స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం) పలకకపోవడంతో పాటు ఈ కట్టుబడిపోయిన స్వరాలూ ఒక కారణమే.

ఇక పని. ముందు మీ శ్రుతి తేల్చుకోండి. మాది ఒకటో శ్రుతి, అంటే C. ఒకసారి మార్చాక ఆ పెట్టె ఆ శ్రుతికే. రకరకాల శ్రుతుల్లో పాడేవాళ్లకు వాయించేవారైతే ఇక్కడే ఆగిపోండి. కీబోర్డులో స్కేల్ ట్యూనింగ్ ఉంటే గాంధారం దగ్గర మైనస్ 14 పెట్టుకోండి, రెండు నిమిషాల పని.

సీలింగు ఫ్యాను ఆపేయండి. మే నెల అయినా సరే. ఫ్యాను రెక్కలు శబ్దాన్ని కోసి అదనంగా ఊపుతాయి. నేను మొదటిరోజు ఆ ఊగుడునే రీడు (గాలికి మోగే ఇత్తడి నాలుక) తప్పనుకుని గంట పాడుచేసుకున్నాను. ఒక్క వరస రీడ్లే పలికేలా మిగతా స్టాపర్లు మూసి, స, గ కలిపి నొక్కి తిత్తి నిదానంగా ఊదండి. గాంధారానికి రెండు స్థాయిల పైన సన్నగా ఒక గరగర వినిపిస్తుంది. మధ్య స్థాయిలో అది సెకనుకు పదిసార్లు ఊగుతుంది. మీరు చంపాల్సింది దాన్నే.

రీడ్ల పలక విప్పి గాంధారం రీడు నాలుక కింద సన్నటి స్టీలు రేకు జొనిపి ఆనించండి. స్వరం దిగాలంటే నాలుక మొదట్లో, రివెట్ దగ్గర గీకాలి. ఎక్కాలంటే కొస దగ్గర. ఈ రెండూ తారుమారు చేశారంటే తిరిగి రావడానికి రెట్టింపు ఇత్తడి పోతుంది. నాలుగైదు గీతలు గీకండి, పొడి ఊదేయండి, రీడు చల్లారనివ్వండి, పలక పెట్టి వినండి. ఆటో ఇంజన్ గరగర కాస్తా కరెంటు పోయాక ఆగబోయే ఫ్యానులా మందగిస్తుంది. పూర్తిగా నిలిచాక గాంధారం విడిగా వినపడదు, షడ్జంలో కలిసిపోతుంది. స్థాయికొకటి, వరసకొకటి చొప్పున గాంధారాలన్నీ ఇలాగే చేయాలి.

అసలు చిక్కు ధైవతం (ధ) దగ్గర వస్తుంది. ఇది నాకు ఎవరూ ముందు చెప్పలేదు. మోహన రాగం కోసం చతుశ్రుతి ధైవతాన్ని షడ్జంతో కలిపితే 884 సెంట్ల దగ్గర నిలుస్తుంది. అదే ధైవతాన్ని రిషభానికి (రి) పంచమంగా కలిపితే 906. తేడా ఇరవై రెండు సెంట్లకు కాస్త తక్కువ, చెవికి బాగానే తెలుస్తుంది. మెట్టు ఒకటే, ధైవతాలు రెండు. గొంతుకు ఈ బాధ లేదు, ఎటు కావాలంటే అటు జారుతుంది. నేను షడ్జానికే కలిపాను. రి, ధ రెండూ కలిపి పట్టుకుంటే మాత్రం చచ్చేంత గరగర, అందుకని అవి జంటగా నొక్కను. అమ్మ పాటకు ధైవతం మీద ఆగి షడ్జానికి వెళ్లే చోట్లే ఎక్కువ.

పలక బిగించాక స్వరం మళ్లీ కొంచెం కదులుతుంది. అందుకని చివరి రెండు మూడు గీతలు మిగుల్చుకుని, రెండు రోజులాగి మళ్లీ తంబూరా పక్కన వినండి. నా తార గాంధారం ఒకటి మూడు సెంట్లు ఎక్కి కూర్చుంది. ట్యూనర్లో కనపడింది నాకు, వినపడింది అమ్మకి.